బాపు మామూలుగ ఉన్న రోజు

మా కౌన్సెలింగ్ మేడంకు నవ్వు తక్కువ. హయత్‌నగర్ల కండ్లద్దాల దుకాణం మీద ఆమె గది. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, బల్ల మీద మెత్తటి కాగితాల డబ్బా. ఏడ్చేటోళ్ల కోసం పెట్టింది కావచ్చు, నేను మాత్రం అద్దాలు తుడుచుకోవడానికి వాడుకుంటున్న. ఉద్యోగమంత డిగ్రీ కాలేజీల ఎకనామిక్స్ చెప్పినోణ్ణి. మధ్యాహ్నం భోజనం చేసొచ్చిన పిల్లలను ఆ సబ్జెక్టుతోని నిద్రపోకుండ ఉంచాలంటె నవ్వించుడు తప్ప వేరే ఉపాయం లేకుండె. ఆ అలవాటుతోని మొదటి రోజు ఆమె ముందల కూడ ఒక జోకు ఏసిన. రోడ్డు దాటేటోడు లారీ పోయేదాక ఆగినట్టు, ఆమె నా జోకు పోయేదాక ఆగి, అడిగిన ప్రశ్ననే మళ్లొకసారి అడిగింది.

"మీ ఇంట్ల ముందుగాల ఎవరికన్న ఇట్ల ఉండెనా సార్?"

"మా ఇంట్ల అందరం ఇట్లనే మేడం. అమ్మ ఒక్కతే మంచిగుండె. అందుకే ఆమెను అందరు వింతగ చూస్తుండిరి."

ఫ్యాను తిరుగుతున్నది.

"మా బాపు," అన్న చివరికి.

"ఆయన ఎట్ల ఉంటుండె?"

"రెండు తీర్ల. మంచిగున్నప్పుడు ఒక తీరు, బాగలేనప్పుడు ఒక తీరు."

"మామూలుగ ఉన్నప్పుడు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. జోకు కూడ లేదు. అది నాకు అంతకంటె కొత్త. ఆమె తొందర పెట్టలె. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. వచ్చేసారికి ఆయన మామూలుగ ఉన్న రోజు ఒక్కటి యాది చేసుకొని రాండ్రి, చాలు" అన్నది. ఎన్నో ఏండ్లు పిల్లలకు ఇంటిపని ఇచ్చినోణ్ణి, ఈ వయసుల నాకు ఇంటిపని పడ్డది. అది కూడ రాని లెక్క.

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో చెప్పాలె. నాకున్న జబ్బును బైపోలార్ అంటరు. కొన్నాళ్లు మనసు పైపైకి పోతది. నిద్ర అక్కర పడదు, మాట ఆగదు, ఏది మొదలుపెట్టినా అయిపోతదనే అనిపిస్తది. ఇంకొన్నాళ్లు అదే మనసు కిందికి పోతది. మంచం దిగబుద్ధి కాదు, అన్నం మన్ను లెక్క ఉంటది, తెల్లారుడే ఒక శిక్ష లెక్క అనిపిస్తది. పెద్ద డాక్టర్ గోళీలు రాసిండు, అప్పుడప్పుడు రక్తం పరీక్ష చేపిస్తడు. ఆ గోళీలల్ల ఒకటి ఒక తీరు ఉప్పేనట. బీపీ ఉన్నదని ఇన్నేండ్లు నా కంచంల ఉప్పు లేకుండ చేసిన వైద్యశాస్త్రం ఇప్పుడు పూటపూటకు ఉప్పు మింగుమంటున్నది. గోళీ మనసును ఒక మట్టంల పెడ్తది. ఆ మట్టంల దినాలు ఎట్ల ఎల్లదీయాల్నో నేర్పేది మేడం పని. ఏ యాళ్లకు పండాలె, ఏ యాళ్లకు లేవాలె, మనసు పైకి లేస్తుంటె ముందుగాల ఏ గుర్తులు కనబడతయి, అప్పుడు ఎవరికి చెప్పాలె. వినడానికి చిన్న పిల్లలకు చెప్పే మాటల్లెక్క ఉంటయి. ఆచరించుడు పెద్దోళ్లకు కూడ కష్టమే.

నా తకరారు ఒక్కటే. జబ్బు కింది సగాన్ని నేను ఎన్నడో ఒప్పుకున్న. ఎవరన్న వచ్చి తీసుకపోతమంటె సంచిల పెట్టి ఇచ్చేటోణ్ణి. పై సగాన్ని మాత్రం జబ్బని ఒప్పుకోలె. కొంచెం మంచిగ అనిపించంగనే, ఇంక గోళీలెందుకని బంద్ పెట్టేది. అట్ల బంద్ పెట్టినప్పుడల్లా పైకి పోయిన, ప్రతిసారి అంతకు ముందటికంటె లోతుకు పడ్డ. పోయినసారి పడ్డప్పుడు బతికుండాల్నా వద్దా అని నాతోని నేనే చర్చ పెట్టుకునే దాక వచ్చింది. చర్చంటె రెండు దిక్కుల నుంచి మాట్లాడుడు నాకు వృత్తి నేర్పిన అలవాటు, అందుకే భయమేసింది. మా ఆవిడ లలిత ఆ నెలంత నా మంచం పక్కన కుర్చీ ఏసుకొని కూసున్నది. మళ్ల గోళీలు ఆపితె ఏమైతదో పెద్ద డాక్టర్ ఆమెకు చెప్పిండు, నాకు చెప్పలె. ఆమె మొఖం చూసి తెలుసుకున్న. అయినా గోళీ మింగే యాళ్లకు చెయ్యి ఆగుతుండె. పై సగం కూడ జబ్బే అయితె, నేను పాణం పెట్టుకున్న బాపు కూడ ఆ జబ్బే అయిపోతడు. నాకు తెలిసిన ఆయన నవ్వు, ఆయన పాట, నన్ను ఎత్తుకున్న ఆయన చేతులు అన్నీ ఆ పై సగంలనే ఉండె. ఒక్కొక్క గోళీ మింగుడు ఆయనను ఇంట్ల నుంచి ఎల్లగొట్టుడు లెక్క ఉండె నాకు.

బాపు పెండ్లిళ్ల వంట మేస్త్రి. ఇబ్రహీంపట్నంల, చుట్టుపక్కల ఊర్లల్ల ఎవరింట్ల పెండ్లి అయినా పందిరి ఎనుక జాగల పొడుగ్గ మట్టి తవ్వి గాడిపొయ్యి చేసేది, దాని మీద వరుసగ పెద్ద వంట గంజులు ఎక్కించేది ఆయననే. మా ఇల్లు రెండు అర్రలు, ముందల అరుగు. ఎనుక అర్ర నిండ బోర్లించిన గంజులు, మూతలు, మనిషంత పొడుగు గంటెలు. పండుకుంటె మనుషుల నడుమ కంటె గిన్నెల నడుమ పండుకున్నట్టే ఉండేది. ఇంటి వాసన అల్లం ఎల్లిగడ్డ వాసన. అమ్మ పొద్దున కల్లాపి చల్లి, బర్రెకు గడ్డేసి, మమ్ముల బడికి తయారు చేసి, ఆ తర్వాత రోలు ముందల కూసుంటే పొద్దు తిరిగేదాక అల్లం ఎల్లిగడ్డ నూరుతనే ఉండేది. బడిల నా పక్కన కూసున్న పిలగాడు ఆకలైనప్పుడు నా అంగీ వాసన చూసేటోడు. నేను జరిగి కూసునేది, గాలి తగలాలె కదా వానికి.

బాపు మంచిగున్నప్పుడు ఆ ఇంట్ల మనిషికి ఇంకో మనిషి అక్కర లేకుండె. పొద్దు పొడవక ముందే మొఖం కడుక్కుంట పాటెత్తుకునేటోడు. అది మాకు మొదటి గుర్తు. రెండో గుర్తు, తోమిన గంజులనే మళ్ల బయటికి తెచ్చి బూడిదతోని తోముడు. మూడోది, దారిన పోయేటోళ్లను పేరు పెట్టి పిలిచి అరుగు మీద కూసోబెట్టుకునుడు. ఆ దినాలల్ల ఆయనకు అలుపు లేదు. ఒక పెండ్లి గంజులు దించి, నిద్ర లేకుండ ఇంకో పెండ్లి గాడిపొయ్యి తవ్వేటోడు. చెయ్యి కూడ అప్పుడే పలికేది. బగార అన్నం పలుకు పలుకుగ ఉండేది, మాంసం తునకల కూర తిన్నోళ్లు చెయ్యి కడుక్కోబుద్ధి గాక అట్లనే కూసునేటోళ్లు. అందుకే మా దిక్కు ఒక ఆచారం పడ్డది. ఇంకెక్కడ ఉండదనుకుంట. పిల్ల పెండ్లి ఖాయం కాంగనే పిల్ల తండ్రి పంతులు దగ్గరికి పోయి ముహూర్తం పెట్టించుకొని, ఆ ముహూర్తం పట్టుకొని మా అమ్మ దగ్గరికి వచ్చేటోడు.

"ఏమ్మా, మేస్త్రి మంచిగున్నడా?"

అమ్మ రోలు ముందల తల ఎత్తకుండనే చెప్పేది. "ఇంకా లేదు పటేలా. పాటెత్తుకోలె."

"మరి మా పెండ్లి?"

"జర ఎనుకకు జరుపుకో. ఇంకో పక్షం చూడు."

ఆయన మళ్ల పంతులు దగ్గరికి పోయేటోడు. పంతులు ముహూర్తం ఒకటి, మా అమ్మ ముహూర్తం ఒకటి. రెండు కలిస్తేనే ఊర్ల బాజాలు మోగేటియి. పంచాంగం ఎన్నడన్న తప్పిందేమో గని మా అమ్మ తప్పలె. ఆ గుర్తులు చూసి ఆమె సై అంటె సై. బాపు పెండ్లి మీద పెండ్లికి వండుకుంట, నిద్ర లేకుండ, చాయ మీద చాయ తాగుకుంట ఇంకింత పైకి పోయేటోడు. అది జబ్బని ఎవరనుకుంటరు? ఊరంతటికి కావలసిన మనిషి ఆయన. కిందికి పడ్డప్పుడు బాగలేదన్నరు, పైకి లేసినప్పుడు మంచిగైండన్నరు. మా అందరి వైద్యం అంతవరకే.

ఊరంత చెప్పుకునే బస్సు సంగతి అప్పటిదే. సాగర్ రోడ్డు పక్కన ఒక రైతు ఇంట్ల పెండ్లి. పిలగాని తరఫోళ్లు మధ్యాహ్నం వరకు వస్తమన్నరు. బాపు పొద్దుగాలనే గంజులు దించిండు. బగార మూత తీస్తె ఆ వాసనకు రోడ్డు మీద పోయేటోళ్లు తల తిప్పి చూస్తున్నరు. అది చూసిండు బాపు. గంటె పట్టుకొని పోయి రోడ్డుకు అడ్డంగ నిలబడ్డడు. సాగర్ పోయే బస్సు ఆగింది.

"దిగుండ్రి," అన్నడు డ్రైవర్ దిక్కు చూసి. "ఆకలితోని ఎవ్వరు మా ఊరు దాటొద్దు."

"టైం లేదన్న," అన్నడు డ్రైవర్.

"తినడానికి టైం లేనోనికి నడపడానికెట్ల ఉన్నది?"

డ్రైవర్ ఇంజన్ బంద్ చేసిండు. బస్సంత దిగింది. ముసలోళ్లు, సంటి పిల్లల తల్లులు, కోళ్ల గంప పట్టుకున్న ఒకామె, అందరు వరుసల కూసున్నరు. బాపు ఒక్కొక్కరి ముందల వంగి వడ్డిస్తున్నడు, వాళ్ల ఊరు పేరు అడుగుతున్నడు, ఆ ఊర్ల తనకు తెలిసినోళ్ల పేర్లు చెప్తున్నడు. నడుమ నన్ను చూసి చంకలకెత్తుకొని పోయి డ్రైవర్ సీట్ల కూసోబెట్టిండు. "వాపసు మా కొడుకే నడుపుతడు," అన్నడు అందరు వినేటట్టు. నేను నమ్మిన. పెద్ద చక్రం రెండు చేతులకు అందుతలేదు. అద్దంల నుంచి చూస్తె ఎండల బాపు, చేతుల గంటె, చుట్టూ తింటున్న జనం, అందరి మొఖాలు ఆయన దిక్కే. నా బతుకుల అంతకంటె గొప్ప పొద్దు నేను చూడలె. ఇది ఇప్పటికీ వాపసు తీసుకోను.

అమ్మ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నది. "ఇంక చాలు, ఇంటికి పా."

"నువ్వు తిన్నవా?" అన్నడు బాపు. "కూసో, తిను."

ఆ బస్సు పోయినంక ఇంకో బస్సు ఆపిండు. పిలగాని తరఫోళ్లు బాజాలతోని వచ్చేసరికి గంజుల అడుగున మాడు తప్ప ఏం లేదు. పిల్ల తండ్రి కోపానికి రాలె, కొట్టలె. గాడిపొయ్యి పక్కన మట్టిల కూలబడ్డడు. ఆడోళ్లు ఉరికురికి ఇండ్లల్ల ఉన్న బియ్యం తెచ్చి వండి, పచ్చిపులుసు చేసిన్రు. ఆ పెండ్లిల పిలగాని తరఫోళ్లు పచ్చిపులుసుతోని అన్నం తిని పోయిన్రు. ఆ సంగతి ఊరు ఏండ్ల తరబడి చెప్పుకొని నవ్వింది. మేము కూడ నవ్వినం. నవ్వేటోళ్ల నడుమ నవ్వకుండ ఉండుడు మస్తు కష్టం.

కొన్నాళ్లకు పాట ఆగింది. ఒక్క రోజుల కాదు, దీపంల నూనె అయిపోయినట్టు మెల్లగ. ఆ తర్వాత బాపు ఎనుక అర్రల మంచం ఏసుకొని గంజుల దిక్కు మొఖం పెట్టి పండుకున్నడు. నెలలు అట్లనే. అమ్మ ఎవరడిగినా "జరం" అనేది. అంత పొడుగు జరం ఊర్ల ఎవరికీ రాలె, అయినా ఎవరు మళ్ల అడగలె. అరుగు ఖాళీ అయింది. పేరు పెట్టి పిలిస్తె వచ్చి కూసునేటోళ్లు, పిలిచేటోడు లేకపొయేసరికి ఆ దారినే పోవుడు మానుకున్నరు. రోలు ఆగింది. ఇంట్ల ఎల్లిగడ్డ వాసన పోయి, ఎండబెట్టని దుప్పటి వాసన వచ్చింది. అమ్మ, అక్క, నేను ముగ్గురం కంచాలు చప్పుడు గాకుండ తినేది. చుట్టాలు వచ్చి దర్గాకు తీసుకపోయిన్రు, తాయెత్తు కట్టించిన్రు, మైసమ్మకు కోడిని కోసిన్రు. ఆ కోడి కూర అమ్మ వండింది, చుట్టాలే తిన్నరు, బాపు తినలె. కొన్నాళ్లకు ఆయన తనంతట తను లేస్తె మైసమ్మ చూసిందన్నరు, పెండ్లోళ్లు వచ్చిన్రు. జబ్బు కింది సగాన్ని దేవుండ్లకు అప్పజెప్పినం, పై సగాన్ని పెండ్లిళ్లకు. దవాఖాన వరకు ఏ సగం కూడ పోలె.

నేను జోకులు మొదలుపెట్టింది ఆ ఎనుక అర్రలనే. ఇది మేడం ముందల కూసుంటే గని నాకు తెల్వలె. బడి నుంచి రాంగనే ఆయన మంచం పట్టె మీద కూసొని, సారు ఎట్ల తుమ్మిండు, ఎవని లాగు ఎట్ల ఊడింది అన్నీ చెప్పేది. లేనియి కూడ కల్పించేది. ఆయన నా దిక్కు చూసేటోడు. దూరంగ ఎక్కడ్నో ఏదో చప్పుడైతె చూసినట్టు. నవ్వలె. రేపు ఇంతకంటె మంచిది చెప్పాలె అనుకొని బయటికొచ్చి అరుగు మీద ఒక్కణ్ణే కూసునేది. ఆ అరుగు మీద నాకు పెద్ద ఎడమున్నట్టు ఉండేది, ఎటు కాళ్లు చాపినా ఎవరికీ తగలకపోయేది.

నేను డిగ్రీ చదువుతుండగ బాపు పోయిండు. గుండె. మనసును పట్టించుకోని మేము గుండెను కూడ పట్టించుకోలె. దినాల నాడు వచ్చినోళ్లు అందరు బస్సు సంగతే చెప్పిన్రు. ఒకరు రెండు బస్సులన్నరు, ఇంకొకరు దానికి ఒక లారీని కలిపిన్రు. ఎనుక అర్ర సంగతి ఒక్కరు ఎత్తలె. ఊరికి యాదికున్న బాపు ఒక్కడే. నాకు ఇద్దరు. వాళ్లిద్దరి నడుమ ఎవడన్న ఉండెనా అని నేను ఎన్నడు ఎతకలె.

నా సంగతికొస్తె, రిటైరైనంక నేను పైకి పోయిన తీరు కొంచెం చదువుకున్నోని తీరు. మన్నెగూడ అవతల జాగల ఒక కాలేజీ పెడ్తనని బోర్డు రాయించి పాతించిన. బిల్డింగు లేదు, పిల్లలు లేరు, జాగ కూడ నాది కాదు. బోర్డు మాత్రం ఉండె. మన్నెగూడల అది ఎవరికీ వింతగ అనిపించలె, చుట్టూ ఉన్న బోర్డులన్నీ అసొంటియే. పాత స్టూడెంట్లకు కోడి కూయక ముందు ఫోన్లు చేసి ప్రిన్సిపాల్ పోస్టులు ఇచ్చిన. ఒకే కాలేజీకి ఎంతోమంది ప్రిన్సిపాళ్లు. లలిత ముందు నవ్వింది, తర్వాత నన్ను హయత్‌నగర్ తీసుకపోయింది. ఇప్పుడు ఆమె, మేడం కూసొని నా గుర్తులు ముందుగాలనే మాట్లాడి పెట్టుకున్నరు. నిద్ర తగ్గితె ఒకటి. పొద్దు పొడవక ముందు ఫోను పడితె ఒకటి. జోకులు ఒకదాని మీద ఒకటి పడితె అన్నిటికంటె పెద్దది.

"ఇయ్యాల జోకులు జర ఎక్కువైనయ్," అంటది లలిత కూరగాయలు తరుక్కుంట. "డాక్టర్‌కు ఫోన్ చెయ్యాల్నా?"

"ఒక్క జోకుకే?"

"నాష్టా కాన్నుంచి లెక్క చూసుకో."

తల్చుకుంటె మా అమ్మ కూడ గుర్తులన్నీ ఇంత సరిగ్గనే పట్టేది. తేడా ఒక్కటే. ఆ గుర్తులు కనబడంగనే లలిత డాక్టర్‌కు ఫోన్ చేస్తది, అమ్మ పెండ్లోళ్లకు సై అనేది. అమ్మను అనడానికి లేదు. ఆ పెండ్లిళ్లతోనే ఇల్లు నడిచేది. పైగ ఎనుక అర్రల మొఖం తిప్పుకొని పండుకున్న మనిషి లేచి పాడుతుంటె, పాడకు అని ఏ ఆడమనిషి అంటది?

మామూలు రోజు మాత్రం దొరుకలె. రెండు వారాలు ఎతికిన. పార్కుల నడుచుకుంట ఎతికిన, మంచం మీద కండ్లు మూసుకొని ఎతికిన. బాపు అనంగనే అయితే ఎండల గంటె పట్టుకొని నిలబడ్డ ఆయన వస్తడు, లేకుంటె గంజుల దిక్కు తిరిగి పండుకున్న ఆయన వీపు. నడుమ ఏం లేదు. ఉత్త చేతులతోని మేడం దగ్గరికి పోయి, ఇంటిపని చెయ్యని పిల్లలు నాకు చెప్పిన సాకులన్నీ యాది చేసుకుంట కూసొని, వచ్చేటప్పుడు కోహెడల దిగిన. అక్క ఇల్లు అక్కడ. పండ్ల మార్కెట్ వస్తదని ఆ ఊర్ల అందరు భూముల సంగతి మాట్లాడుతుంటె, ఆమె ఒక్కతే వాకిట్ల కూసొని చిక్కుడుకాయ ఒలుస్తున్నది.

"పిచ్చి దవాఖాన నుంచేనా?" అన్నది నన్ను చూసి.

"అవ్ అక్కా."

"ఏమన్నరు?"

"పిచ్చి కాదన్నరు."

"ఇంకో మంచి డాక్టర్‌కు చూపెట్టుకో మరి," అని పీట జరిపింది.

కూసొని నేను కూడ నాలుగు కాయలు ఒలిచిన. "అక్కా, బాపు మామూలుగ ఉన్న రోజు నీకు యాదికున్నదా?"

"యాదికి లేకేంది? ఆ బస్సు ఆపిన నాడు..."

"అది కాదక్క. ఏం కాని రోజు."

"ఏం కాని రోజు ఏం యాదికుంటదిరా? ఏం కాలే కదా." మళ్ల ఒక కాయ ఒలిచింది. నా మొఖం చూసినట్టున్నది, గొంతు జర తగ్గించింది. "అసొంటి రోజులే ఎక్కువరా. పాడింది కొన్నాళ్లు, పండింది కొన్నాళ్లు. తక్కిన దినాలు ఇంట్ల ఎవరున్నరనుకున్నవ్, పక్కింటాయననా?"

నేను చేతుల కాయ అట్లనే పట్టుకొని ఉన్న.

"ఐతారం ఐతారం మనకు గోర్లు తీసేటోడు కాదా? నేను ఏడుస్తుంటి, నువ్వు కాలు గుంజుకుంటుంటివి. మర్సినవా?"

మర్సిన. చెప్పుకోవడానికి ఏం లేని దాన్ని ఎవరు మాత్రం ఎన్ని ఏండ్లు మోస్తరు? కాని ఆమె అనంగనే వచ్చింది. మొత్తం ఒక్కసారి రాలె, ముందుగాల నా పాదం వచ్చింది. తలస్నానం చేసినంక మెత్తబడ్డ పాదం, బాపు తొడ మీద. అరుగు మీద నీడ. ఆయన చేతుల సగం బ్లేడు. రెండో చెయ్యి నా బొటనవేలు పట్టుకున్నది. గట్టిగ కాదు, జారిపోకుండ. అంత పెద్ద గంజులెత్తే చెయ్యి ఒక్క వేలు పట్టుకోవడానికి ఎంత బలం కావాల్నో సరిగ్గ అంతే పెట్టింది. ఆయన పాడుతలేడు. గోడ దిక్కు చూస్తలేడు. నా గోరు చూస్తున్నడు.

"కదలకు."

నేను కదలలె.

"నొస్తున్నదా?"

"లేదు."

"బడిల ఏం చెప్పిన్రు?"

"ఏం లే."

"ఊఁ," అన్నడు, ఏం లేదంటె నిజంగనే ఏం లేదని నమ్మినట్టు. లోపటి నుంచి అమ్మ పప్పుల ఉప్పు చూడుమన్నది. "నువ్వే చూడు," అన్నడు. ఊరంతటికి ఉప్పు చూసే మనిషి ఇంట్ల అమ్మ ఏసిందే తినేటోడు. చిన్నేలు దాక వచ్చినంక బ్లేడు పక్కన పెట్టి, నా పాదాన్ని అరచేత్తోని ఒకసారి తుడిచి కింద పెట్టిండు. ఆయనకు ఆవలింత వచ్చింది. అరుగు మీదనే పక్కకు ఒరిగి, మధ్యాహ్నం పూట మనుషులకు వచ్చే నిద్ర పోయిండు. నేను ఆయనకు జోకు చెప్పలె. చెప్పాలని యాదికి రాలె. ఆయన కాళ్ల కాడ కూసొని దారి చూసుకుంట ఉన్న. దారిన ఎవరు పోలె.

అంతే ఆ రోజు. ఒక్క పక్షి అరిచినట్టు కూడ యాదికి లేదు. ఇప్పటి నా దినాలు కూడ అట్లనే ఉంటున్నయి. అనుకున్న యాళ్లకు లేచుడు, నడుచుడు, తినుడు, పండుడు. ఫోన్లు లేవు, ప్రిన్సిపాళ్లు లేరు. పైకి పోయినప్పుడు జనం ఉంటరు, పడ్డప్పుడు పక్కన కుర్చీ ఏసుకొని కూసునేటోళ్లన్న ఉంటరు. ఈ మట్టంల మాత్రం మనిషికి తనే దిక్కు. దీన్ని ఒంటరితనం కాదని నేను అనను. తర్వాత మేడంతోని కూడ అదే అన్న, ఆమె కాదనలె. "అవ్ సార్, ఉంటది. వచ్చి మాట్లాడుండ్రి" అన్నది. ఊరికే ధైర్యం చెప్పనందుకే నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. బాపుకు కూడ ఆ దినాలల్ల అరుగు మీద మేమే ఉండి ఉంటం. వచ్చి మాట్లాడు అనే ఆ ఒక్క మాట చెప్పే మనిషి ఆయనకు దొరకలె. దొరికి ఉంటె ఆయన మామూలు రోజులు ఇంకిన్ని ఉండేటియి కావచ్చు. పాటలు ఆగిపోయేటియి కావని ఇప్పుడు అనిపిస్తది. ఏ యాళ్లకు పాడాల్నో ఆ యాళ్లకు పాడుకునేటోడు.

నేను పోతనని లేస్తుంటె అక్క చిక్కుడుకాయ సగం నా సంచిల పోసింది. ఇంటికొచ్చేసరికి లలిత అన్నం పెట్టుకొని కూసున్నది.

"ఏమన్నది మీ అక్క?"

"ఏం అనలె. బాపు మాకు గోర్లు తీసేటోడట."

"అంతేనా?"

"అంతే."

ఇంకేమన్న అంటనేమో అని ఆమె నా మొఖం చూసింది. నేను అన్నం కలుపుకున్న. తిన్నంక గోళీ, నీళ్లు తెచ్చి ముందల పెట్టి ఆమె ఎప్పటిలెక్కనే కంచాలు తీస్తున్నట్టు అక్కడక్కడనే తిరిగింది. చేతికి తీసుకున్న, మింగిన. మింగినంక కొంచెంసేపు అట్లనే కూసొని చూసిన. బాపు ఇంట్లనే ఉన్నడు.